పేరు చివర కొమ్ము

అసూయ గురించి రాసేవాళ్లు చాలామంది, అది తమకు ఒకప్పుడు ఉండేదనీ తర్వాత బుద్ధి తెచ్చుకున్నామనీ రాస్తారు. నాది ఇంకా నాతోనే ఉంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, మోకాళ్లు అరిగాయి, పళ్లు రెండు పోయాయి, అది మాత్రం చెక్కు చెదరలేదు. మొదలైంది కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్లలో, మా వంటింటి కిటికీ దగ్గర.

మా నాన్న అక్కడి వర్క్‌షాపులో పాసుల గుమాస్తా. ఉద్యోగి పేరూ వాళ్లింట్లోవాళ్ల పేర్లూ రిజిస్టర్లో రాసుకుని రైలు పాసు ఇవ్వడం ఆయన పని. మా తాత సిక్కోలు వైపు నుంచి వచ్చి అదే వర్క్‌షాపులో కొలిమి దగ్గర పనిచేశారు కాబట్టి, చొక్కా నలగని ఉద్యోగం చేస్తున్నందుకు నాన్నకు కాస్త గర్వం ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కిటికీలోంచి చూసేసరికి గర్వమంతా దిగిపోయేది. ఎందుకంటే రోడ్డవతల, సరిగ్గా ఎదురుగా, దొరల ఇల్లు.

దొరలంటే నిజం దొరలు కారు, ఆంగ్లో ఇండియన్లు. ఆ ఇంటాయన ఫోర్‌మన్. ఆయన తాత స్కాట్లండ్ నుంచి ఇంజన్ డ్రైవరుగా వచ్చి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే మట్టయ్యాడట. వాళ్ల వరండా గచ్చు ఎర్రగా నిగనిగలాడేది. పియానో ఉండేది. వంటవాడు ఉండేవాడు. ఇంగ్లండును వాళ్లు 'హోమ్' అనేవారు, ఆ ఇంట్లో ఒక్కరూ దాన్ని చూసిన పాపాన పోకపోయినా. వాళ్ల చిన్నమ్మాయి నా ఈడుది. డిసెంబరులో అది నీలం వెల్వెట్ గౌను వేసుకుని చర్చికి బయల్దేరితే, నేను కిటికీ ఊచలకు ముఖం ఆనించి, దానికి జలుబు చేస్తే బాగుండునని కోరుకునేదాన్ని.

మా గోడకు ఆనుకుని ఇంకో కుటుంబం ఉండేది. వాళ్లూ తెల్లవాళ్ల సంతతే, వాళ్లూ ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లే. కానీ ఆ ఇంటాయన గోవాలో పుట్టినవాడు. ఆయన పూర్వీకుడెవరో పోర్చుగల్ నుంచి వచ్చి గోవాలో ఓడ దిగాడట. ఈయన రంగుల షాపులో మిస్త్రీ. రైలు పెట్టెలకు రంగు ఆరాక వాటి మీద నంబర్లూ అక్షరాలూ రాసేవాడు. ఇంట్లో చాప మీద కూర్చుని అన్నం, చేపల పులుసు తినేవారు. మా కంటే ఒక పిసరు నలుపే. ఆయన భార్య కుట్టుమిషను మీద దొరల ఇంటి గౌన్లు కుట్టేది. నా కళ్లలో నిప్పులు పోసిన ఆ నీలం వెల్వెట్ కూడా ఆమె కుట్టిందే.

మా నాన్నమ్మ ఎదురింటివాళ్లను దొరలనీ, పక్కింటివాళ్లను బుడతకీచులనీ అనేది. పోర్చుగీసువాళ్లకు మన పాతవాళ్లు పెట్టుకున్న పేరు అదని నాకు కాలేజీకి వెళ్లేదాకా తెలియదు. పక్కింటాయన పొట్టిగా ఉండేవాడు, సాయంత్రాలు ఫిడేలు సాధన చేసేవాడు. బుడతలా ఉండి కీచుమని వాయిస్తాడు కనుక బుడతకీచు అయ్యాడని నేను తేల్చుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? ఒకరోజు వాళ్లమ్మాయిని పక్కకు పిలిచి, నువ్వు గట్టిగా నాలుగంగుళాలు పెరిగావంటే ఇక బుడతకీచువి కావు, దొరల్లో కలిసిపోతావు అని ధైర్యం చెప్పాను. అది నమ్మింది. మా రెండిళ్ల మధ్య గోడ మీద బొగ్గుతో గీత గీసి, నెలనెలా నా చేత కొలిపించుకునేది.

ఆ పిల్లే నా స్నేహితురాలు. మా ఇంట్లోనే సగం పెరిగింది. మా అమ్మను పిన్నీ అనేది, మా నాన్నమ్మ యాసలో ఏటి, ఎందికి అంటూ తిరిగేది. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ స్నేహంలో నాకొక సుఖం ఉండేది. ఎదురింటివైపు చూసి కడుపు మండినప్పుడల్లా పక్కింటివైపు తిరిగితే కాస్త చల్లబడేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సు జరిగితే దొరల ఇంటివాళ్లు లోపల బల్లల దగ్గర కూర్చునేవాళ్లు. పక్కింటాయన బ్యాండులో ఫిడేలు వాయించి, వెనక గదిలో నిలబడి తిని వచ్చేవాడు. ఇద్దరికీ తెల్ల తాతలే. మేము గేటు బయట నిలబడి పాట వినేవాళ్లం. మా కంటే కింద కాకపోయినా, కనీసం మా పక్కన ఒకరున్నారని నాకు నెమ్మదిగా ఉండేది.

మా నాన్నకు కూడా ఈ రెండిళ్లనూ పోల్చి చూడటం పెద్ద కాలక్షేపం. ఎవరి అబ్బాయికి ఏ ఉద్యోగం వచ్చింది, ఎవరింటికి ఏ సోఫా వచ్చింది, దొరల ఇంటి పెళ్లికి పక్కింటివాళ్లను ఎందుకు పిలవలేదు. చివరికి ఎప్పుడూ ఒకటే మాట, వాళ్లకేమైనా కొమ్ములు మొలిచాయా అని. తమాషా ఏమిటంటే ఆ వీధిలో ఎవరికైనా కొమ్ము ఇచ్చింది మా నాన్నే. అదీ దొరలకు కాదు, పక్కింటాయనకు.

ఆ సంగతి చెప్పాలి. పక్కింటాయన ఇంటిపేరులో చివరి అక్షరం రాతలో 'ఓ', నోట్లో 'ఉ'. వాళ్ల భాష తీరు అంతట. దొరల ఇంటివాళ్లు దాన్ని ఇంగ్లీషు పద్ధతిలో 'ఓ' అని సాగదీసి పిలిచేవాళ్లు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న బల్ల ముందు నిలబడి పేరు చెప్పాడు. నాన్న చెవి తెలుగు చెవి. పేరన్నాక చివర కొమ్ము ఉండాలి, రాముడు, సోముడు, అప్పడు. కొమ్ము వినిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టుంది, ఇంకేమీ అడగకుండా ఇంగ్లీషు అక్షరాల్లో చివర 'యు' పెట్టి రాసేశారు. తర్వాత రిజిస్టరు చూసిన ఆ మనిషి తప్పు దిద్దమనలేదు. టోపీ తీసి నాన్న చేతులు పట్టుకున్నాడట. మా ఇంటిపేరు మా అమ్మ నోట ఎలా పలికేదో అలా రాసినవాడివి కలకత్తా మొత్తానికి నువ్వొక్కడివే బాబూ అన్నాడట. నాన్న ఆ మాట పోయేదాకా చెప్పుకున్నారు.

"ఇనిపించినట్టే రాసినానమ్మా. ఆయన పేరు ఆయనకిచ్చీసినాను," అనేవారు.

ఆ కొమ్ము పాసులోంచి సర్వీసు పుస్తకంలోకి, అక్కణ్ణించి పిల్లల బడి రిజిస్టరులోకి, చివరికి ఆధార్ కార్డు దాకా పాకింది. మా స్నేహితురాలు దాంతోనే పెద్దదైంది.

ఇప్పుడు నేను కలకత్తాలోనే, భవానీపూర్‌లో ఉంటున్నాను, అక్కడే ఒక బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. దొరల ఇంటి పెద్దపిల్లలిద్దరూ తలుపులు తెరిచి ఉన్న రోజుల్లోనే ఆస్ట్రేలియా వెళ్లి బాగా స్థిరపడ్డారు. చిన్నదాని వంతు వచ్చేసరికి ఆ తలుపు మూసుకుంది. అది ఒక కంపెనీలో స్టెనోగా చేరింది, కంపెనీ మూతపడింది. పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు మా వెనక సందులోనే ఒక్క గదిలో అద్దెకుంటూ, ఇంటర్వ్యూలకు వెళ్లే ఆడపిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతోంది. పియానో ఏమైందో నేను అడగలేదు. కూరగాయల బజారులో కనిపిస్తే, నలభై దాటాక నేర్చుకున్న బెంగాలీలో వంకాయల బేరం ఆడుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే మొదటిసారి అలా చూసినప్పుడు నాకు జాలి కంటే ముందు తృప్తి కలిగింది.

బుడతకీచు పిల్ల నర్సు చదివింది. రైల్వే ఆస్పత్రిలో చేరి మేట్రన్ అయింది. లిలువాలోనే రెండంతస్తుల ఇల్లు కట్టింది. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, వాళ్లమ్మ కొంకణి, మా సిక్కోలు తెలుగు, ఏ వార్డులోకి వెళ్తే ఆ భాష మాట్లాడి రోగుల చేత దీదీ అని పిలిపించుకునేది. కూతురు కూడా నర్సే.

కారణాలు వెతకడం నా వృత్తి కదా, నేనూ వెతికాను. ఇంగ్లీషు తాతల మనవలు తమ కోసం ఉంచిన రైల్వే ఉద్యోగాల మీద ఆనుకుని కూర్చున్నారు, అవి క్రమంగా పోయాయి. మనసంతా హోమ్ మీదుండటంతో ఊరి భాష నేర్వలేదు. పోర్చుగీసు తాతల మనవలకు ఆ వైభవం మొదటే లేదు కనుక కుట్టు, నర్సు పని, బ్యాండు, ఏది దొరికితే అది పట్టుకుని పైకొచ్చారు. తొమ్మిదో తరగతికి చెప్పడానికి ఇది చక్కగా ఉంటుంది. కానీ ఆస్ట్రేలియాలో ఉన్న ఆ ఇద్దరూ ఈ పాఠంలో ఇమడరు. పైగా పాఠం చెప్పుకున్నంత మాత్రాన నా కడుపులో మంట తగ్గలేదు. దొరల మీద అసూయ పడటంలో అవమానం లేదు, వాళ్లు పుట్టుకతోనే ఎదురుగా, ఎత్తులో ఉన్నారు. నా పక్కన నిలబడ్డది, నేను గోడకు ఆనించి కొలిచినది, నన్ను దాటిపోతే ఎలా ఓర్చుకోను?

కిందటేడు దుర్గాపూజలకు ముందు ఒక ఆదివారం పొద్దున నా స్నేహితురాలు ఫైలు పట్టుకుని మా ఫ్లాటుకు వచ్చింది. గోవా పోర్చుగీసు పాలనలో ఉన్నప్పుడు అక్కడ పుట్టినవాళ్ల పిల్లలు పోర్చుగల్ పౌరసత్వం అడగవచ్చట. వాళ్ల నాన్న జనన పత్రం గోవా నుంచి తెప్పించింది. ముందు తన పేరు అక్కడి రిజిస్టర్లో ఎక్కితే, ఆ వెనకే కూతురి పేరు. కూతురు యూరప్‌లో ఏ దేశపు ఆస్పత్రిలోనైనా పనిచేసుకోవచ్చు, ఎవరినీ వీసా అడగక్కర్లేదు. మా అమ్మాయి అప్పటికి రెండుసార్లు యూరప్ వీసా అడిగి రెండుసార్లూ కాదనిపించుకుని, పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరగా వేశాను.

అడ్డమల్లా ఆ కొమ్మే. గోవా పత్రంలో పేరు 'ఓ'తో ఉంది, ఇక్కడి కాగితాలన్నిట్లో 'యు'తో ఉంది. ఇద్దరూ ఒకే మనిషని రుజువు కావాలి. వకీలు ఏం చెప్పాడంటే, ఆనాడు రిజిస్టర్లో తప్పు రాసిన గుమాస్తా వారసులెవరైనా, పొరపాటు మా తండ్రిదే అని నోటరీ ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇస్తే చాలా బలంగా ఉంటుందట. ఆ వారసురాలిని నేను. నోటరీ కూర్చునేది మా ఇంటి నుంచి రిక్షా దూరంలో.

నాకు ఒక్క క్షణం ఆనందం కూడా వేసింది. ఇన్నేళ్లకు ఆమెకు నా దగ్గర పని పడింది. ఆ వెంటనే వళ్లంతా చేదెక్కింది. మాకు ఏ ఓడా దిగిన ముత్తాత లేడు. కొలిమి దగ్గర చెమటోడ్చిన తాత ఉన్నాడు, ఆయన పుట్టిన పత్రం చూపిస్తే ఏ దేశమూ రమ్మనదు. చదువైతే రాత్రింబవళ్లు చదివి తెచ్చుకోవచ్చు, పూర్వీకుల్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం?

అందుకని నేను మా నాన్నను అడ్డం పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా మచ్చ లేకుండా ఉద్యోగం చేసిన మనిషి, ఆయన పోయాక కూతురే స్టాంపు కాగితం మీద ఆయన తప్పు చేశారని రాసివ్వడమంటే మనసు ఎలా ఒప్పుతుంది, కొంచెం ఆలోచించుకోనీ అన్నాను. గొంతులో తడి కూడా తెప్పించుకున్నాను. ఆమె వెంటనే తల వంచుకుంది. నిజమేనే, నాకు తోచలేదు అంటూ ఫైలు సంచిలో పెట్టుకుంది. అమ్మాయి బయటికి వచ్చి టీ ఇస్తే, బుగ్గ నిమిరి, మీ తాత నాకు పెన్సిళ్లు ఇచ్చేవారమ్మా అని చెప్పి వెళ్లింది.

తర్వాత పూజలొచ్చాయి, పరీక్షలొచ్చాయి, నా మోకాళ్లొచ్చాయి. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ ఫోన్ బల్ల మీద మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

చలి మొదలయ్యాక ఒకరోజు బజారులో దొరల ఇంటి చిన్నమ్మాయి ఎదురైంది. తను ఆ కాగితాలకు సాక్షిగా సంతకం పెట్టి వచ్చానంది, ఆ కుటుంబాన్ని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషిగా. నాకు ప్రాణం లేచొచ్చింది, తోడు దొరికిందని. బ్రిటన్‌లో పుట్టిన తాత ఉంటే వాళ్లకూ ఏదో వీసా ఉందనీ, తన లెక్కలో ఆ స్కాట్లండ్ డ్రైవరు తాత కాదు ముత్తాత కాబట్టి ఒక్క తరం తేడాతో పనికిరాకుండా పోయాడనీ ఆమే నాతో ఇదివరకు చెప్పింది. తన గౌన్లు కుట్టిపెట్టిన ఇంటి పిల్లకు ఆ తలుపు తెరుచుకుంటుంటే ఈమెకు నా కంటే ఎక్కువ మండాలి. నీకేమీ అనిపించలేదా అని అడిగాను. ఆమె వంకాయలు తిప్పి చూస్తూ, తన వంకర బెంగాలీలో జవాబు చెప్పింది.

"మండకుండా ఎలా ఉంటుంది? కానీ మండేది కడుపు. సంతకం పెట్టేది చెయ్యి కదా."

అంత తేలిగ్గా అనేసి ఆమె పచ్చిమిరపకాయలు కొసరు అడిగింది. నేను ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను. అమ్మాయి ఏమైందని అడిగితే కసురుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆధార్ కార్డూ, నాన్న పాత సర్వీసు కాగితమూ సంచిలో పెట్టుకుని హౌరా వెళ్లి లోకల్ ఎక్కాను. లిలువాలో దిగేదాకా మనసులో వాక్యం సిద్ధం చేసుకున్నాను. నాన్న పేరు కోసం కాదే, నీ మీద ఓర్వలేక ఆపాను, పద నోటరీ దగ్గరికి పోదాం. అంతే. చిన్న వాక్యమే.

ఆమె తలుపు తీసి నన్ను చూడగానే వాటేసుకుంది. నేను నోరు విప్పేలోపే లోపలికి లాక్కుపోయి కూర్చోబెట్టి, కాగితాలు వెళ్లిపోయాయని చెప్పింది. లిస్బన్‌లో అందినట్టు జవాబు కూడా వచ్చిందట, ఇక వంతు కోసం చూడటమే. ఎలా అని అడిగాను. ఆమె అఫిడవిట్ నకలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంగ్లీషులో ఒక పేజీ. నా తండ్రి చదువు లేని మనిషి, తన పేరులోని అక్షరాలు ఆయనకే సరిగా తెలియవు, ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనే తప్పుగా చెప్పి రాయించుకున్నాడు, రాసిన గుమాస్తా దోషం ఏమీ లేదు అని ఆమె ప్రమాణం చేసింది. కింద ఆమె సంతకం, దాని కింద దొరల ఇంటి చిన్నమ్మాయి సంతకం.

పక్కింటాయన మూడు లిపుల్లో రైలు పెట్టెల మీద అక్షరాలు రాసిన మనిషి. మా క్వార్టర్ల వరసలో ఎవరు ఉత్తరం రాయించుకోవాలన్నా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లం. చేతిరాత బాగుండాలని నాకు పలక మీద గీతలు గీసిచ్చిందీ ఆయనే. నేను కాగితాన్ని రెండోసారి చదివాను, మూడోసారి చదివాను.

"మీ నాన్న మీద కాయితం రాయడానికి నీకు మనసొప్పలేదు. నాకు తెల్దేటి?" అంది ఆమె. "అందికే మా నాన్న మీదికి తోసీసినాను. పోయినోడే కదే, ఏటీ అనుకోడు."

మా నాన్నా పోయినవారే. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. దారి పొడుగునా కూర్చుకున్న వాక్యం కూడా వచ్చింది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, నేనేదో మంచి మాట అంటానని. ఆ క్షణంలో నాకు పౌరసత్వం మీద కుళ్లు లేదు, కూతురి ఉద్యోగం మీద లేదు. అలా చేయగలిగిన ఆమె మనసు మీద కళ్లు కుట్టాయి, నాకు అది ఎన్నటికీ రాదని.

"మా నాన్న పేరు కాపాడావే," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, చేపల పులుసు ఉంది, తిని వెళ్లమంది. తిన్నాను. సాయంత్రం లోకల్‌లో తిరిగి వచ్చాను. అప్పటి నుంచి ఆమె నాతో ఎప్పటికంటే ప్రేమగా ఉంటోంది, ఏ పండుగొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తోంది. నిజం ఇంకా చెప్పలేదు. ఇక్కడ తెలుగులో రాసేస్తున్నానంటే, ఆమెకు మన భాష మాట్లాడటమే తప్ప చదవడం రాదు.